ఆన్‌లైన్ కోర్సులలో పాఠ విభజన: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఇస్లామీ విద్యను ఆన్‌లైన్ ద్వారా బోధించే ప్రయత్నాలు ఇటీవలి సంవత్సరాలలో విరివిగా సాగుతున్నాయి. అరబీ అక్షరాలు మొదలుకొని తజ్వీద్, వ్యాకరణం, హదీసు, ఫిఖ్‌హ్, సీరత్ వరకు ప్రతి విషయానికీ ఏదో ఒక భాషలో కోర్సు లభిస్తున్నది. మదరసాకు దూరంగా ఉన్న గ్రామాలవారికి, ఇల్లు విడిచి వెళ్ళే వీలులేని స్త్రీలకు, ఉద్యోగ వ్యాపారాలలో తలమునకలైన పెద్దవారికి ఇదొక గొప్ప సదుపాయమనడంలో సందేహం లేదు. అయితే సదుపాయం వేరు, విద్య వేరు. ఒక కోర్సు ఎందరికి చేరిందన్న ప్రశ్నతోపాటు, అది ఏ క్రమంలో అమర్చబడింది, ఆ అమరిక ఎవరిని దృష్టిలో పెట్టుకొని జరిగింది అన్న ప్రశ్న కూడా వేయవలసి ఉన్నది.

ఈ కోర్సుల నిర్మాణం దాదాపు ఒకే తీరులో ఉంటుంది. విషయాన్ని కొన్ని మాడ్యూళ్ళుగా విభజిస్తారు. ఒక్కొక్క మాడ్యూలులో అయిదారు వీడియో పాఠాలు. ఒక్కొక్క వీడియో కొద్ది నిమిషాలు. మాడ్యూలు చివర, నాలుగు జవాబులలో ఒకదాన్ని ఎంచుకునే చిన్న పరీక్ష. అన్నీ దాటినవారికి సర్టిఫికెట్. చూడడానికి ఇది క్రమశిక్షణ గల ఏర్పాటే. కాని పరిశీలిస్తే ఒక విషయం బోధపడుతుంది. ఇందులో పాఠానికి హద్దు గీసేది బోధకుని మాట. ఆయన మాట ముగిసిన చోట పాఠం ముగుస్తుంది. విన్నదాన్ని విద్యార్థి తిరిగి అప్పజెప్పడానికి ఇందులో స్థానం లేదు. ఉన్నా అది చివర తగిలించిన తోక వంటిది. ఇస్లామీ విద్యా సంప్రదాయంలో పాఠానికి హద్దు అప్పజెప్పడమే. ప్రస్తుత కోర్సుల అసలు లోపం ఇక్కడే ఉన్నది. వీడియోల నాణ్యతను ఎంత పెంచినా ఈ లోపం తీరదు.

మాడ్యూలు పుట్టుక

మాడ్యూలు అనే పద్ధతి ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. అమెరికాలో 1954లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు స్కిన్నర్, విషయాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి బోధించే యంత్రాన్ని ప్రతిపాదించాడు. ప్రతి మెట్టు వద్దా విద్యార్థి జవాబు ఇవ్వాలి. ఆ తరువాతనే ముందు మెట్టు. 1961లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో పోస్టిల్‌త్‌వెయిట్ వృక్షశాస్త్ర పాఠాలను టేపులపై రికార్డు చేశాడు. విద్యార్థి టేపు వింటూనే మొక్కలను చేతిలోకి తీసుకొని పరిశీలించే ఏర్పాటు అది. 1968లో బెంజమిన్ బ్లూమ్ ప్రతి యూనిట్ చివర పరీక్ష పెట్టి, తప్పినవారికి లోపం సరిదిద్ది, తిరిగి పరీక్షించిన తరువాతనే ముందుకు పంపాలన్న విధానాన్ని వివరించాడు. ఈ ముగ్గురిలోనూ సమానమైన అంశం ఒకటున్నది. యూనిట్ ఎక్కడ ముగియాలో నిర్ణయించేది విద్యార్థి చేసిన పని.

మన దేశంలో దూరవిద్య కూడా ఈ మార్గాన్నే అనుసరించింది. 1982లో హైదరాబాదులో స్థాపితమై, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలో ఈ తరహాలో మొట్టమొదటిది. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడి పాఠ్యపుస్తకాలు బ్లాకులుగా, యూనిట్లుగా విభజింపబడి, మధ్యమధ్య విద్యార్థి తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలతో వెలువడ్డాయి. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన స్వయం కోర్సులలో సైతం వీడియో నాలుగు భాగాలలో ఒకటి మాత్రమే. చదవవలసిన పాఠం, స్వయంపరీక్ష, సందేహాల చర్చ అనేవి తక్కిన మూడు.

మరి వీడియోకు ఇంతటి ప్రాధాన్యం ఎలా వచ్చింది? 2012లో కోర్సెరా, ఎడెక్స్ వంటి సంస్థలు విశ్వవిద్యాలయ పాఠాలను లక్షలాదిమందికి అందించసాగాయి. ఎడెక్స్‌కు చెందిన నాలుగు కోర్సులలో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వీడియో ఎంత పొడవుదైనా, సగటు విద్యార్థి దానిపై నిలిచే కాలం ఆరు నిమిషాలకు మించడం లేదని అందులో తేలింది. నాటి నుంచి "ఆరు నిమిషాలు" అనేది ఒక సూత్రమైపోయింది. కాని ఆ అధ్యయనం ప్రధానంగా కొలిచినది విద్యార్థి చూసిన కాలాన్ని. అతనికి ఎంత వచ్చిందన్నది వేరే ప్రశ్న. మనిషి ఎంతసేపు చూడగలడో తెలిస్తే, పాఠం ఎక్కడ తెగాలో తెలిసినట్లు కాదు.

పూర్తిచేసినవారి లెక్క కూడా ఆలోచింపజేసేదే. హార్వర్డ్, ఎం.ఐ.టి. సంస్థలు ఎడెక్స్‌లో నడిపిన కోర్సులపై 2019లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారం, 2017-18లో నమోదు చేసుకున్నవారిలో కోర్సు పూర్తి చేసినవారు నూటికి మూడు చిల్లర మాత్రమే. నమోదు చేసుకున్న ప్రతివారూ పూర్తి చేసే ఉద్దేశంతో చేరలేదన్నది నిజమే. అయినా ముక్కలు చిన్నవైనంత మాత్రాన విద్యార్థి చివరిదాకా నడవడని ఈ లెక్క చెబుతున్నది.

జుజ్ విభజన, రుకూ విభజన

ఒక గ్రంథాన్ని రెండు విధాలుగా విడదీయవచ్చని ముస్లింలకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. దివ్య ఖుర్ఆన్ ప్రతిలోనే రెండు విభజనలూ పక్కపక్కన ఉన్నాయి. ముప్ఫై జుజ్‌ల విభజన పరిమాణాన్ని బట్టి జరిగింది. నెలరోజులలో పారాయణం పూర్తిచేయాలనుకునేవారికి అది కొలత. భారత ఉపఖండంలో ముద్రితమైన ప్రతులలో అంచున 'ఐన్' అక్షరంతో గుర్తించే రుకూల విభజన భావాన్ని బట్టి జరిగింది.

ఈ రెండింటి తేడా నిసా సూరాలో స్పష్టంగా కనిపిస్తుంది. వివాహానికి నిషిద్ధులైన స్త్రీలెవరో తెలిపే జాబితా 23వ ఆయత్‌లో మొదలై 24వ ఆయత్‌లోకి సాగుతుంది. అయిదవ జుజ్ సరిగ్గా 24వ ఆయత్‌తో ఆరంభమవుతుంది. అంటే జాబితా నడుమనే జుజ్ మారుతుంది. రుకూ మాత్రం 23 నుంచి 25 వరకు మూడు ఆయత్‌లనూ ఒక్కటిగా ఉంచుతుంది. పారాయణానికి జుజ్ విభజన వల్ల ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే చదివేవాడు ఆగకుండా ముందుకు సాగుతాడు. కాని ఆ చోట ఆపి, "ఈనాటి పాఠం ఇంతే" అన్న ఉస్తాద్ విద్యార్థికి సగం ఆజ్ఞను ఇచ్చి పంపినవాడవుతాడు.

ఆరు నిమిషాల వీడియో జుజ్ వంటి కొలత. విద్యార్థి ఓపికకు అది తగినదే కావచ్చు. కాని దానినే పాఠంగా భావించి మాడ్యూళ్ళు కూర్చేవారు జుజ్ చేయవలసిన పనిని, రుకూ చేయవలసిన పనిని కలగలిపివేస్తున్నారు. ఒక పాఠంలో మూడు వీడియోలు ఉండవచ్చు, మరొక పాఠానికి ఒకటే చాలవచ్చు. వీడియో పొడవు సౌకర్యానికి సంబంధించిన విషయం. పాఠం నిడివిని మాత్రం భావమూ, దాన్ని విద్యార్థి తిరిగి చెప్పగల శక్తీ నిర్ణయించాలి.

ఇబ్నె ఖల్దూన్ చెప్పినది

ఈ విషయమై ఇబ్నె ఖల్దూన్ 1377లో రచించిన 'ముఖద్దిమా'లో చేసిన చర్చ నేటి కోర్సు నిర్మాతలకు ఎంతైనా ఉపయోగపడుతుంది. ఆయన దృష్టిలో బోధన క్రమక్రమంగా, మూడు ఆవృత్తులలో సాగాలి. మొదటిసారి ఆ శాస్త్రంలోని ముఖ్యాంశాలను స్థూలంగా పరిచయం చేయాలి. రెండవసారి వివరాలతో, భిన్నాభిప్రాయాలతో బోధించాలి. మూడవసారి క్లిష్టమైనదేదీ మిగలకుండా విప్పి చెప్పాలి. పాఠాల మధ్య దీర్ఘమైన విరామాలు ఉంటే మరపు వస్తుందనీ, అతి సంక్షిప్తమైన సంగ్రహ గ్రంథాలు విద్యార్థికి మేలుకంటే కీడే చేస్తాయనీ ఆయన హెచ్చరించాడు.

ఈ మూడు మాటలతో నేటి కోర్సులను పోల్చి చూస్తే లోపాలు తేటతెల్లమవుతాయి. మాడ్యూళ్ళు సరళరేఖలా పేర్చబడి ఉంటాయి. మూడవ మాడ్యూలుకు చేరినవానికి మొదటి మాడ్యూలుతో మళ్ళీ పని పడదు. "మీ వీలునుబట్టి ఎప్పుడైనా చూడవచ్చు" అన్న స్వేచ్ఛ, వారాల తరబడి విరామానికి దారి తీస్తుంది. ఇక నిడివి తగ్గించాలన్న ఆతృతలో వీడియో పాఠం, ఇబ్నె ఖల్దూన్ ఆక్షేపించిన సంగ్రహమే అవుతున్నది. ఉదాహరణలు పోయి నిర్వచనాలు మాత్రమే మిగులుతున్నాయి.

దీనికి విరుగుడు ఎక్కడో వెదకనక్కరలేదు. ఖుర్ఆన్ కంఠస్థం చేయించే ఏ చిన్న హిఫ్జ్ మదరసాలోనైనా రోజు మూడు భాగాలుగా సాగుతుంది. కొత్త పాఠం సబఖ్. ఇటీవలి రోజుల పాఠాలు సబఖీ. అంతకు ముందు పూర్తయినది ఆమూఖ్తా. కొన్నిచోట్ల దీనినే మంజిల్ అంటారు. మూడింటినీ అప్పజెప్పనిదే ఆ రోజు పని ముగియదు. మాడ్యూళ్ళ అమరికకు ఇంతకంటే మంచి నమూనా దొరకడం కష్టం. ప్రతి మాడ్యూలులోనూ కొత్తది కొంత, నిన్నటిది కొంత, పాతది కొంత ఉండి తీరాలన్నదే దీని సారం.

వినడం, వినిపించడం

హదీసు విద్యలో జ్ఞానం ఒకరి నుంచి మరొకరికి చేరే మార్గాలను ఇబ్ను సలాహ్ (మరణం హిజ్రీ 643, క్రీ.శ. 1245) ఎనిమిదిగా పేర్కొన్నాడు. వాటిలో మొదటిది సమా, అనగా గురువు నోట వినడం. రెండవది ఖిరాఅత్ లేక అర్జ్, అనగా శిష్యుడు చదువుతుండగా గురువు వినడం. మొదటిదే ఉత్తమమని ఎక్కువమంది భావించారు. రెండూ సమానమన్నవారు, రెండవదే మేలన్నవారు కూడా ఉన్నారు. చిట్టచివరిది విజాదా, అనగా గురువును వినకుండానే ఆయన రాతప్రతి ఎక్కడో దొరకడం.

ఈ వర్గీకరణ ఉల్లేఖనానికి సంబంధించినదే అయినా, వీడియో పాఠాన్ని ఏ స్థానంలో ఉంచాలన్న ఆలోచనకు ఇది తోడ్పడుతుంది. పైకి చూస్తే అది సమా వలె ఉంటుంది. గురువు ముఖం కనిపిస్తుంది, గొంతు వినిపిస్తుంది. కాని సమా సభలో గురువుకు శిష్యుడెవరో తెలుసు. హాజరైనవారి పేర్లు ప్రతిపై వ్రాసి ఉంచిన సందర్భాలు అనేకం. శిష్యుడు ఆపి అడగవచ్చు. వీడియోలోని గురువుకు ఎదుట ఎవరున్నారో తెలియదు. ఆ లెక్కన అది విజాదాకు దగ్గర, దొరికిన పుస్తకం వంటిది. పుస్తకం విలువైనదే. అయితే పుస్తకం దొరకడాన్ని పాఠం పూర్తవడంగా ఎవరూ పరిగణించలేదు.

దైవప్రవక్త (స) ప్రతి రమజాన్‌లోనూ జిబ్రీల్ (అ)తో కలిసి ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారనీ, చివరి సంవత్సరంలో రెండుసార్లు చేశారనీ హదీసులు తెలుపుతున్నాయి. వహీ అందుకున్న మహనీయుని విషయంలోనే వినిపించడం ఇంత నియమంగా సాగినప్పుడు, సామాన్య విద్యార్థికి అది అనవసరమని భావించడం ఎంతవరకు సబబు?

తెలుగు మాట్లాడే ముస్లింలకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. వీరిలో చాలామంది, ప్రత్యేకించి కోస్తా, రాయలసీమ గ్రామాలలో తెలుగే మాతృభాషగా గల నూర్‌బాషా, దూదేకుల కుటుంబాలవారు, ఉర్దూ లిపి తెలియక తెలుగు లిపి ద్వారానే అరబీ ఉచ్చారణను సమీపిస్తారు. కాని తెలుగులో సీన్, సాద్, సా అనే మూడు అరబీ అక్షరాలకూ 'స' ఒక్కటే. జా, జాల్, జాద్, జోయ్ అనే నాలుగింటికీ 'జ' ఒక్కటే. ఖాఫ్, ఖా రెండూ 'ఖ'తోనే వ్రాయబడుతున్నాయి. 'నస్ర్' అనే మాటనే తీసుకుంటే, సాద్‌తో పలికినప్పుడు అది సహాయం. 110వ సూరాకు అదే పేరు. సీన్‌తో పలికినప్పుడు అది నూహ్ (అ) జాతివారు ఆరాధించిన ఒక విగ్రహం పేరు. 71వ సూరా 23వ ఆయత్‌లో అది వస్తుంది. తెలుగులో రెండూ ఒకే విధంగా వ్రాయబడతాయి. వీడియోలో ఉస్తాద్ ఈ తేడాను ఎంత చక్కగా పలికి చూపినా, తెలుగు చెవికి మొదట రెండూ ఒకటిగానే వినిపిస్తాయి. విద్యార్థి తాను సరిగానే పలుకుతున్నాననుకుంటాడు. అతని తప్పు అతనికి తెలిసే మార్గం మరొకరు వినడమే. లేనిచో ఆ తప్పు జీవితాంతం నమాజులో నిలిచిపోతుంది.

ఆధునిక పరిశోధన కూడా ఈ మాటనే బలపరుస్తున్నది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులచేత ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివించారు. మరికొందరిచేత ఒక విడత చదివించి, మూడు విడతలు చూడకుండా గుర్తుచేసుకొని వ్రాయమన్నారు. కొద్ది నిమిషాల తరువాత చదివినవారే మెరుగ్గా ఉన్నారు. వారం గడిచాక చదివినవారికి నూటికి 40 వంతులే గుర్తుండగా, గుర్తుచేసుకున్నవారికి 61 వంతులు నిలిచాయి.

2013లో వెలువడిన మరొక పరిశోధన నేరుగా వీడియో పాఠాలపైనే జరిగింది. గణాంకశాస్త్ర ఉపన్యాసాన్ని అందరికీ నాలుగు ముక్కలుగానే చూపారు. ముక్క ముక్కకూ పరీక్ష ఎదుర్కొన్నవారిలో మనసు చెదరడం తక్కినవారితో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది, చివరి పరీక్షలో ఫలితమూ మెరుగైంది. పరీక్ష లేనివారికి ముక్కలు చేసినందువల్ల ఆ లాభం కలగలేదు. విభజన ఫలించేది ప్రతి విభాగం చివరా విద్యార్థి నోరు విప్పినప్పుడేనని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అమరిక ఎలా ఉండాలి?

తజ్వీద్‌లోని ఒక ప్రసిద్ధ పాఠాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. సుకూన్ గల నూన్‌కు, తన్వీన్‌కు నాలుగు నియమాలున్నాయి. ఇజ్‌హార్‌కు 6 అక్షరాలు, ఇద్గామ్‌కు 6, ఇఖ్లాబ్‌కు 1, ఇఖ్ఫాకు 15, మొత్తం 28. చెప్పేవారి వైపునుంచి చూస్తే ఇవి నాలుగు సమానమైన వీడియోలు. అప్పజెప్పేవారి వైపునుంచి చూస్తే లెక్క మారుతుంది. ఇఖ్లాబ్ ఒక్క అక్షరంతో ఒక్క పూటలో వచ్చేస్తుంది. ఇద్గామ్‌లో నాలుగు అక్షరాలు ముక్కుతో పలికే గున్నాతో, రెండు అది లేకుండా పలకాలి కనుక అది నిజానికి రెండు పాఠాలు. ఇఖ్ఫాలోని పదిహేను అక్షరాలు నాలుకకు అలవడాలంటే అనేక రోజులు పడుతుంది. అందుచేత వీడియోలు నాలుగే ఉన్నా, పాఠాలు పదో పన్నెండో అవుతాయి. ప్రతి పాఠంలో చిన్న వీడియో, రెండు మూడు ఆయత్‌లు, విద్యార్థి చదివి పంపిన ధ్వని, దానిపై దిద్దుబాటు ఉండాలి. దిద్దుబాటు వచ్చి, తప్పు సవరించుకున్న తరువాతనే ముందు పాఠం తెరుచుకోవాలి.

కంఠస్థం లేని విషయాలకు ఇది వర్తించదని కొందరు అనవచ్చు. కాని సీరత్ విద్యార్థి హుదైబియా ఒడంబడికను తన మాటలలో ఇంట్లోవారికి వివరించి ఆ ధ్వనిని పంపవచ్చు. ఫిఖ్‌హ్ విద్యార్థికి 7.5 తులాల బంగారం, 52.5 తులాల వెండి అనే నిసాబులను వినిపించి ఊరుకోక, ఒక చిరువ్యాపారి సరుకు, అప్పులు, నగదు ఇచ్చి జకాతు లెక్కగట్టమనవచ్చు. నాలుగు జవాబులలో ఒకటి గుర్తించడం కంటే ఇది కష్టం. ఆ కష్టంలోనే విద్య ఉన్నది.

అసలు ఆక్షేపణ మరొకటి. వేలాది విద్యార్థులను ఒక ఉస్తాద్ ఎలా వినగలడు? ఈ ప్రశ్నకు బాగ్దాదు నగరం ఎప్పుడో సమాధానం చెప్పింది. హిజ్రీ 631 (క్రీ.శ. 1234)లో ప్రారంభమైన ముస్తన్సిరియా మదరసాలో నాలుగు మజ్‌హబ్‌లకూ ఒక్కొక్కదానికి 62 మంది విద్యార్థులు, ఒక ముదర్రిస్, నలుగురు ముయీద్‌లు నియమితులయ్యారు. ముయీద్ అంటే పాఠాన్ని విద్యార్థులచేత తిరిగి వల్లెవేయించేవాడు. అంటే దాదాపు పదిహేను పదహారు మందికి ఒకరు. పాఠం చెప్పేవాడు ఒకడైతే, చెప్పించుకునేవారు నలుగురు. వీడియో నేడు ముదర్రిస్ పనిలో పెద్దభాగాన్ని మోస్తున్నది. అలా మిగిలిన శ్రమను, ధనాన్ని ముయీద్‌లపై వెచ్చించవచ్చు. నిరుడు ఆ పాఠం పూర్తిచేసిన విద్యార్థులు, హిఫ్జ్ ముగించిన యువకులు, విద్యార్థినుల కోసం ఆలిమాలు, ఒక్కొక్కరు పదిహేనుమందిని వినే బాధ్యత తీసుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. సెల్‌ఫోన్ ద్వారా గొంతు పంపడం నేడు గ్రామంలోని వృద్ధురాలికి కూడా వచ్చు.

ఇందువల్ల కోర్సులో చేరేవారి సంఖ్యకు హద్దు ఏర్పడుతుందన్నది నిజం. ముయీద్‌లు పదిమందే ఉంటే నూట యాభై మందికి మించి చేర్చుకోరాదు. పదివేలమంది చేరారని ప్రకటించుకునే అవకాశం పోతుంది. కాని ఇమామ్ గజాలీ (రహ్మ.) జీవితచరిత్రలో ప్రసిద్ధమైన ఒక ఉదంతం ఇక్కడ స్మరణీయం. దారిలో దొంగలు ఆయన వ్రాతప్రతులను దోచుకున్నారు. తన విద్య అంతా వాటిలోనే ఉన్నదని ఆయన వేడుకోగా, కాగితాలు పోతే పోయే విద్య ఏమి విద్యయని దొంగల నాయకుడు నవ్వాడట. ఆపైన ఆయన మూడు సంవత్సరాలు శ్రమించి వాటిని కంఠస్థం చేశారని చెబుతారు. ఫోనులో నింపుకున్న వీడియోల విషయంలోనూ ఈ ప్రశ్న అలాగే నిలుస్తుంది.

ఇస్లామీ కోర్సులను రూపొందించే సంస్థలు మాడ్యూళ్ళ సంఖ్యను, వీడియోల గంటలను ప్రకటించడంతో తృప్తిపడరాదు. ఎందరు విద్యార్థులు ఎన్ని పాఠాలు అప్పజెప్పారు, వాటిని విన్నవారెవరు, ఎన్ని తప్పులు సవరించబడ్డాయి అన్న లెక్కను కూడా ఏటేటా వెల్లడించడం అవసరం. సర్టిఫికెట్ మీద చూసిన వీడియోల సంఖ్యకు బదులు విన్నవారి పేరు ఉండాలి. ఇజాజత్ పత్రాలపై శతాబ్దాలుగా ఉంటూ వచ్చినది ఆ పేరే.